కండక్టరమ్మ ఎడమ కాలు

మా పిన్నికి మనుషుల ముఖాలు గుర్తుండవు, పాదాలు గుర్తుంటాయి. నొప్పి కాళ్లవాళ్లకు బూట్లలో పెట్టుకునే మెత్తలు తయారుచేయడం ఆమె పని. మెత్తటి ఫోమ్ దిమ్మ మీద కాలు మోపిస్తుంది. పడిన గుంటలో ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తుంది. ఆ అచ్చును బట్టి మెత్తను మలిచి, అంచులు అరగదీస్తుంది.

ఒకసారి సిటీ బస్సు కండక్టరమ్మ వచ్చింది. ఎడమ మడమలో మేకు దిగినట్టుంటోందట. పిన్ని ఆమెను గదిలో అటూ ఇటూ నడిపించి చూసి, మెత్తలు చేసిచ్చింది. పదిహేను రోజులకు కండక్టరమ్మ మళ్లీ వచ్చింది.

"ఏమీ అనుకోకండమ్మా, ఇంకాస్త ఎక్కువైంది."

రెండో జతా అంతే. పిన్నికి అన్నం సయించలేదు. మూడో రోజు వెళ్లి ఆ బస్సే ఎక్కింది. తోడుగా నేనూ వెళ్లాను.

బస్సు కిటకిటలాడుతోంది. పిన్ని జనం కాళ్ల మధ్యనుంచి వంగి వంగి చూస్తోంది. "ఏం పడేసుకున్నారండీ?" అంటూ ఒక పెద్దాయన తనూ వంగి వెతకడం మొదలుపెట్టాడు. నేను నవ్వాపుకోలేక చస్తుంటే పిన్ని నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చూడవే! ఆవిడ అసలు నడవట్లేదు!"

నిజమే. కండక్టరమ్మ ఒక చేతిలో టికెట్లు, ఇంకో చేతిలో చిల్లర. కమ్మీ పట్టుకునే వీల్లేదు. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ఎడమ పాదాన్ని బయటి అంచు మీదికి వాల్చి, సీటు కాలికి అదిమిపెట్టి నిలబడుతోంది. అంత ఊపులోనూ ఒక్క నాణెం జారలేదు.

"నేను నడిచే కాలికి చేశానే. ఇది మనిషిని నిలబెట్టే కాలు," అంది పిన్ని, కళ్లార్పకుండా.

ఈసారి మడమకు లోతైన గుంట పెట్టి, బయటి అంచు కింద నాలుగు మిల్లీమీటర్ల ఎత్తు ఇచ్చింది.

నెల తర్వాత కండక్టరమ్మ మళ్లీ పిన్ని దగ్గరికి వచ్చింది.

"పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. కానీ నిన్న డ్యూటీ నుంచి వచ్చి తిన్నగా వంటింట్లోకెళ్లి పొయ్యి వెలిగించేశా. మా అత్తగారు కేకేసేదాకా బూట్లు విప్పలేదన్న ధ్యాసే లేదు!"

పిన్ని నేలమీద కూర్చుని ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఇరవై ఆరు ఎముకలు. ఎవరూ నేర్పకుండానే, అంత కుదుపులో ఈవిడను పడకుండా కాస్తున్నాయి. నేను చేసిందల్లా నాలుగు మిల్లీమీటర్లే."

కండక్టరమ్మ సిగ్గుపడి కాలు వెనక్కి లాక్కోబోయింది. పిన్ని వదల్లేదు.