రంగు ఆరని శుభలేఖ

మా వైపుకు స్క్రీన్ ప్రింటింగ్ అప్పుడప్పుడే వస్తా ఉన్న రోజులవి. చిత్తూరులో తిరుపతి బస్సెక్కినాను. పక్క సీట్లో ఒక పెద్దాయన శుభలేఖను అంచులు పట్టుకొని, ఎర్రటి అక్షరాల మీద మెల్లగా ఊదతా ఉన్నాడు.

"ఆరినట్టే ఉండాది గదా, సంచిలో పెట్టుకోండి" అన్నాను.

"పైకి అట్ల కనిపిస్తాది అప్పా, లోపలింకా పచ్చే. పొద్దున నేనే అచ్చేసినా. మిగతావి అంగట్లో ఆరతా ఉండాయి. శుక్రవారం గదా, మొదటిది తిరుచానూరు అమ్మవారి కాడ పెట్టాల."

పెండ్లి ఆయన కూతురిదే. ఆ బిడ్డ మొదటి మొగుడు పెండ్లయి ఏడాది తిరక్కుండానే చనిపోయినాడంట.

"రెండో పెండ్లికి శుభలేఖలెందుకు, గుట్టుగా కానిచ్చెయ్ అంటారు మావాళ్లు. నా బిడ్డ ఏం తప్పు చేసిందని గుట్టు?"

చంద్రగిరి దాటినాక గేదె అడ్డమొస్తే డ్రైవరు గట్టిగా బ్రేకేసినాడు. పెద్దాయన తల ముందు సీటుకు కొట్టుకునింది. అయినా శుభలేఖను వదల్లేదు. బొటనవేలు మాత్రం పచ్చిరంగు మీద పడి, కూతురి పేరు పక్కనే ఎర్రటి ముద్ర పడింది. ఆయన మొహం చిన్నబోయింది.

"రేపు ఇంకొకటి తెచ్చి పెట్టండి" అన్నాను.

ఆయన కాసేపు ఆ ముద్రనే చూసినాడు. మెల్లగా నవ్వినాడు.

"వద్దులే అప్పా. పిలిచేది బిడ్డ నాయనేనని అమ్మవారికి తెలుస్తాది."

దిగేముందు శుభలేఖను నా కండ్ల ముందు పట్టి, "నువ్వూ రావాల" అన్నాడు. ఊరూ తేదీ చదువుకున్నాను.

పెండ్లికి పోయినాను. పందిట్లో నిలబడేదానికి చోటు దొరకలేదు.