లాకులో మా అత్తగారు

నాకు సెలవివ్వడం తేలికే గాని, సెలవు నుంచి వచ్చాక నేను చెప్పేవి వినడమే కష్టమని మా ఆఫీసులో అంటూ ఉంటారు. వరదొచ్చిన ఏడు ఒక పులస చేప మా పెరట్లోకి ఈదుకొచ్చి, గోళెం పక్కన ఆగి, చింతపండు నానబెట్టారా అన్నట్టు నాకేసి చూసిందని చెప్పాను. అప్పట్నించీ అక్కడ నా మాటకి విలువ పోయింది. కాబట్టి ఈ కాలువ ప్రయాణాన్ని కూడా ఎవరూ నమ్మక్కర్లేదు. కాకపోతే దీనికి సాక్షులున్నారు: మా ఆవిడ, మా అత్తగారు, పడవ నడిపిన సరంగు.

తొంభైల చివర్లో సంగతి. మా అత్తగారు రాజమండ్రిలో మా ఇంటికొచ్చి, ఒక బట్టల కొట్లో మొదటిసారి లిఫ్టెక్కారు. పై అంతస్తులో తలుపు తెరుచుకున్నాక చీరలకేసి చూడకుండా నా వైపు తిరిగి, "లాకులో పడవ కూడా ఇలాగే లేస్తుందేమోనండీ అల్లుడుగారూ," అన్నారు.

ఆవిడ పుట్టి పెరిగింది నరసాపురం కాలువ మీద ఒక లాకు దగ్గర. వాళ్ల నాన్నగారు అక్కడ లస్కరు, అంటే లాకు తలుపుల చక్రం తిప్పే ఉద్యోగి. ఆ చోట కాలువ రెండు ఎత్తుల్లో ఉంటుంది. ఎగువ నీళ్లు మిట్టన, దిగువ నీళ్లు పల్లాన, మధ్యలో రాతిగోడల తొట్టి. దిగువ నుంచి వచ్చిన పడవని తొట్టిలో పెట్టి, తలుపులు మూసి, పైనుంచి నీళ్లు వదిలితే పడవ మనుషులతో సహా మెల్లిగా గట్టు ఎత్తుకి లేస్తుంది. చిన్నప్పుడు ఆవిడ గట్టు మీద నుంచుని రోజూ అదే చూసేవారట.

"ముందు తలపాగాలు లేచేవండీ. తర్వాత ముక్కులు, ఆ తర్వాత చేతుల్లో గంపలు. పైకొచ్చిన ప్రతివాళ్లూ నన్ను చూసి నవ్వేవారు. ఎందుకు నవ్వేవారో ఇప్పటికీ తెలీదు. వాళ్లకి నేనెలా కనబడేదాన్నో చూద్దామంటే, లస్కరు కూతురికి పడవెక్కే పనేముంటుంది?"

ఇన్నేళ్లు ఒక మనిషి ఇంత చిన్న సందేహాన్ని దాచుకోవడం నాకు భలే నచ్చింది. పడవ మాట్లాడేస్తానన్నాను.

"ఆయన మాట్లాడతానంటే మాట్లాడటమేనే అమ్మా. పడవ రాదు," అంది మా ఆవిడ.

పడవ వచ్చింది. ఇటుకలు మోసే పాత పడవ. దానికి మోటారు బిగించి, నడుమ తాటాకు కప్పు వేశారు. మనుషులెక్కే పడవలు కాలువల్లో ఆగిపోయి అప్పటికే చాలా కాలమైంది, ఇలాంటివే అక్కడొకటీ ఇక్కడొకటీ తిరిగేవి. సరంగు సముద్రం వైపు బెస్తవాడు, ఏమడిగినా ముందు నీళ్లకేసి చూసి గాని చెప్పడు. "ఎండాకాలం మరమ్మత్తులకి కాలువ కట్టేస్తారండి, ఇవాళో రేపో. నీళ్లు తీసేస్తే ఎక్కడున్న పడవ అక్కడే," అన్నాడు. కాలువ మొదలయ్యే విజ్జేశ్వరంలో ఎక్కి నరసాపురంలో దిగాలని మా పథకం. అక్కడ మా ఆవిడ లేసు అల్లికల గుడ్డలు కొనుక్కోవాలి. ఇన్నేళ్లుగా మా ఊళ్ల పక్కనుంచి పోతున్న ఈ నీళ్లు చివరికి ఏమవుతాయో నేను చూడాలి. మా అత్తగారికి మాత్రం దారిలో లాకు ఉంటే చాలు.

బస్సులో వెళ్తే ఊరి ముఖం కనబడుతుంది, కాలువలో వెళ్తే దొడ్డివైపు కనబడుతుంది. ఎన్నోసార్లు చూసిన ఊళ్లే, ఆ వైపు నుంచి చూస్తే ఏ ఊరో పోల్చుకోలేకపోయాను. ఆరేసిన లుంగీలు, బోర్లించిన గంగాళాలు, మెట్ల మీద కూర్చుని పళ్లు తోముకుంటూ మమ్మల్ని చూసి తోమడం మర్చిపోయిన పెద్దమనుషులు. ప్రతి రేవులోనూ బట్టలుతికేవాళ్లు చెయ్యి ఆపి, "ఎవరి తాలూకండీ?" అని అడుగుతారు. మా వైపు అది పలకరింపు కాదు, విచారణ. నాలుగో మాటకల్లా చుట్టరికం తేలుతుంది. తేలాక దిగకుండా వెళ్తే జన్మంతా మాట పడాలి. అలా ఒక రేవులో దిగి కాఫీలు తాగాం, ఇంకో రేవులో పనసపొట్టు కూరతో భోంచేశాం. ఎక్కడా మా అత్తగారు కుదురుగా కూర్చోలేదు. "నీళ్లు తీసేస్తారేమోనండీ," అని కుర్చీ అంచునే ఉండిపోయారు.

ఆ భోజనాల ఊరు దాటగానే ఒక కొత్త వంతెన అడ్డొచ్చింది. పడవలు ఆగిపోయాక కట్టింది కదా, ఇంకెవరొస్తార్లే అని కిందకి కట్టేశారు. మా తాటాకు కప్పు దాని దూలానికి కొట్టుకుంది.

"ఇటుకలుంటే పడవ దిగి, పట్టేస్తదండి. మీరు మరీ తేలిగ్గా ఉన్నారు," అన్నాడు సరంగు.

మా ఇంట్లోవాళ్లని తేలిగ్గా ఉన్నారన్న మనిషిని అప్పుడే చూశాను. వంతెన మీద అప్పటికే జనం మూగారు. ఇటుకల బదులు వీళ్లు సరిపోతారనిపించింది. కాని ఊరికే ఎక్కమంటే ఎవరెక్కుతారు? "మళ్లీ ప్యాసింజరు పడవలు వేస్తున్నారండి. మేం సర్వేకి వచ్చాం. బరువు చూడాలి, కాస్త పుష్టిగా ఉన్నవాళ్లు ముందు రండి," అన్నాను.

పడవ నిండిపోయింది. ఎక్కుతూనే ఒక పెద్దాయన, "పాలకొల్లుకి టికెట్టెంత పెట్టారండీ?" అన్నాడు.

"చంటిపిల్లలకి ఉచితమండి."

"నేను నా సంగతి అడిగానండీ."

"మీరు కూడా ఒళ్లో కూర్చుంటే ఉచితమే."

అందరూ నవ్వేసరికి పడవ ఊగి, కప్పు దూలాన్ని రాసుకుంటూ అవతలికి వచ్చేసింది. వాళ్లని దింపేశాక మా ఆవిడ, "ఈ అబద్ధం మనకంటే ముందెళ్తుంది చూడండి," అంది.

వెళ్లింది. తర్వాత రేవుల్లో "ఎవరి తాలూకు" మానేసి, "ఎప్పట్నించండీ?" అని అడగడం మొదలెట్టారు. ఒక ఊళ్లో కొబ్బరిబోండాలు కొట్టిచ్చి, స్టాపు తమ రేవులోనే ఉండాలన్నారు. తప్పకుండా అన్నాను.

ఆ రాత్రి మరో చుట్టాలింట్లో పడుకుని, పొద్దున్నే మా అత్తగారి లాకు చేరాం. లస్కరు ఖాకీ చొక్కాకి మెడదాకా గుండీలు పెట్టుకుని, మా కోసమే నుంచున్నాడు. "కాలువ మొదట్లో, హెడ్డు దగ్గర, నీళ్లు కట్టేశారండి. వేగిరం దిగిపోతే నీళ్లతోపాటు మీరూ నరసాపురం చేరతారు," అన్నాడు. పడవ తొట్టిలోకి వెళ్లింది. వెనక తలుపులు మూసుకున్నాయి. చక్రం కిర్రుమంది. మా అత్తగారు కప్పు బయటికొచ్చి, కొంగు దోపుకుని, గట్టుకేసి చూస్తూ నిలబడ్డారు.

గట్టు పైకి పోతోంది. పాచి పట్టిన రాళ్లు వరస తర్వాత వరస నీళ్లలోంచి బయటపడుతున్నాయి.

"అల్లుడుగారూ," అన్నారు ఆవిడ, "మనం దిగుతున్నాం."

కాలువ పల్లానికే పోతుంది. మేం ఎగువ నుంచి వస్తున్నాం. కాలువ నీళ్లు తాగి పెరిగిన మా ఎవరికీ ఆ మాట తట్టలేదు. "మీకైనా తట్టలేదా అత్తయ్యగారూ?" అన్నాను.

"దిగే పడవల్ని నేనెప్పుడూ చూళ్లేదండీ. మనుషులు మాయమైపోతుంటే చూసేదేముంటుంది?"

పడవ అడుక్కి దిగింది. "కింది తలుపులు తీస్తారండి. పోదామా? ఇక్కడ ఆలస్యమైతే ముందంతా బురదే," అన్నాడు సరంగు. మా అత్తగారు దోపిన కొంగు తీసేసి, కప్పు కిందకొచ్చి కూర్చున్నారు. మా ఆవిడ ఆవిణ్ణి చూసి, నా వైపు తిరిగి, "లేసు రాజమండ్రిలో కూడా దొరుకుతుందండీ," అంది.

కింది తలుపులు తియ్యొద్దని, మళ్లీ నీళ్లు నింపమని పైకి కేకేశాను. లస్కరు గోడ మీంచి తొంగి చూశాడు. "సర్వే కిందకి కదండీ. మళ్లీ పైకెందుకు?"

నేను గొంతు సవరించుకున్నాను. "ఏంటంటేనండి, ఢిల్లీ నుంచి వచ్చిన ఆర్డరు ప్రకారం..."

"సర్వే లేదు, ఏం లేదు నాయనా," అన్నారు మా అత్తగారు. "ఆ చక్రం మా నాన్నగారు తిప్పేవారు. పడవలు లేస్తుంటే నేను అక్కడ నుంచుని చూసేదాన్ని. ఒక్కసారి నేను లేవాలని వచ్చాం."

లస్కరు మెడ దగ్గర గుండీ విప్పుకున్నాడు. "ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ. పొద్దున్నించీ పీక పిసికేస్తోంది," అన్నాడు. "కాని ఎగువన కూడా నీళ్లు తగ్గిపోతున్నాయి. గట్టుదాకా లేస్తుందో లేదో చెప్పలేనండి."

"ఎంతదాకా లేస్తే అంతదాకా," అని ఆవిడ నా వైపు తిరిగారు. "మీరు పైకెక్కి ఆ మూల రాయి దగ్గర నుంచోండి. అది నా చోటు."

గోడకున్న ఇనప మెట్లు పట్టుకుని, పంచె సర్దుకుంటూ ఎక్కి నుంచున్నాను. తొట్టిలోకి నీళ్లు సుళ్లు తిరుగుతూ వస్తున్నాయి. చాలాసేపటికి ముందు నెరిసిన ముడి కనబడింది, దాంట్లో మరువం రెబ్బ. తర్వాత నుదురు. తర్వాత కళ్లద్దాలు. ముక్కు గట్టు అంచుకి రాగానే పడవ ఆగిపోయింది.

"ఇంతేనండి. ఎగువ నీళ్లు కూడా ఇంతే ఉన్నాయి," అన్నాడు లస్కరు.

ఆవిడ నా కాళ్లకేసే చూస్తున్నారు.

"ఏం కనబడుతోంది అత్తయ్యగారూ?"

"చెప్పులండీ." కళ్లద్దాలు సర్దుకుని, "రాళ్ల మీద జారతాయని మా నాన్నగారు చెప్పులు విప్పేసి ఆ మూలనే పెట్టేవారు. ఎవరూ తొక్కకుండా నేను వాటిల్లో కాళ్లు పెట్టుకుని నుంచునేదాన్ని. ఇంతింత లావు చెప్పులు," అన్నారు. అంటూనే నవ్వడం మొదలెట్టారు. "కిందనుంచి చూసేవాళ్లకి ముందు అవే కనబడతాయి కదండీ. ఎవరో భారీ మనిషి నుంచున్నాడనుకుని పైకొచ్చేసరికి, వాటిల్లో నేను." కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు గాని నవ్వు ఆగలేదు. మా ఆవిడకీ ఆగలేదు.

కాలువ నీళ్లు చివరికి ఏమవుతాయో నాకు ఇప్పటికీ తెలీదు. సరంగు పడవని లాకు ఎగువన మడుగులో కట్టేశాడు. మేం రోడ్డెక్కి బస్సు పట్టుకున్నాం. నా పక్క సీట్లో కూర్చున్నాయన టికెట్టు తీసుకుంటూ, "కాలువలో మళ్లీ పడవలు వేస్తున్నారటండీ, విన్నారా?" అని అడిగాడు.

మా ఆవిడ నన్ను గుడ్లురిమి చూసింది. ఈసారికి నోరు మూసుకున్నాను. ముందు సీట్లోంచి మా అత్తగారే వెనక్కి తిరిగారు.

"వేస్తున్నారండీ. ఆ సర్వే దగ్గర్నించే వస్తున్నాం," అన్నారు. "పైకెళ్లేవే వేస్తారట. కిందకెళ్లేవి లేవు."