హార్లన్ కదలని బల్ల

హార్లన్ స్టాడ్స్‌వోల్డ్ కొట్లో తూటాలు కొనే మనిషి కాదు. కాల్చేసిన ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, శుభ్రం చేసి, తుపాకిమందు తూచి పోసి మళ్లీ కొత్త తూటాలు చేసుకుంటాడు. మోంటానాలో అతని ఊళ్లో సగం మంది మగాళ్లు అంతే. మిగతా సగాన్ని హార్లన్ వేటగాళ్ల కింద జమకట్టడు.

ఈ పనంతా ఇన్నాళ్లూ అతని భార్య డోరీన్ వంటింటి బల్ల మీదే సాగింది. గొట్టాలను నొక్కే ప్రెస్సు పిడి లాగినప్పుడల్లా బల్ల మూలిగేది, పక్కనున్న మందు తూచే త్రాసు ముల్లు ఊగేది. అది కుదురుకునేదాకా డోరీన్ గిన్నె కదపకూడదు, అడుగు వెయ్యకూడదు.

"తుమ్మొచ్చినా నిన్ను అడిగే తుమ్మాలా?" అందామె ఒకనాడు. "ఎల్క్ దుప్పుల వేట మొదలయ్యేలోగా నా బల్ల ఖాళీ చెయ్యి. ఈలోగా వేరే బల్ల చేసుకున్నావా సరే. లేదంటే అందరిలా కొట్లో కొనుక్కో."

'అందరిలా' అన్న మాటకి హార్లన్ ముఖం మాడిపోయింది.

ఊళ్లో మూతబడ్డ బౌలింగ్ హాలు నేలలోంచి కోసిన మేపుల్ చెక్కను బావమరిది గేలెన్ ట్రక్కులో తెచ్చాడు. దాన్ని గరాజులోకి దించేసరికి ఇద్దరికీ నడుములు పట్టేశాయి.

"దీని మీద తూటాలు చేస్తావా బావా, ట్రక్కు ఇంజన్ దింపుతావా?"

"కదలకూడదు. అంతే."

"అది కదలదులే. ఇక మనమే కదల్లేం."

ఇంటి దూలాల్లాంటి కాళ్లు, కింద ఒక అర, పైన ఆ చెక్క. అదీ చాలదని హార్లన్ బల్లను గోడకు బోల్టులతో బిగించాడు. గేలెన్ పైకెక్కి రెండు గంతులు వేశాడు. బల్ల ఉలకలేదు. హార్లన్ మురిసిపోతూ త్రాసు తెచ్చి పెట్టాడు.

ముల్లు సన్నగా వణికింది. తలుపు మూశారు. ఊపిరి బిగబట్టారు. అయినా వణుకు ఆగలేదు. గేలెన్ చెవిని చెక్కకు ఆనించాడు.

"బావా, నీ బల్ల గురక పెడుతోంది."

అదే గోడకు ఆనుకుని, పోయినేడు కొట్టిన ఎల్క్ మాంసంతో నిండిన ఫ్రీజరు ఉంది. దాని మోటారు గుర్రుమంటే గోడ, గోడతో పాటు బల్ల, బల్లతో పాటు త్రాసు వణుకుతున్నాయి.

"పగబట్టింది బావా ఆ ఎల్క్!"

బోల్టులు విప్పి చూశారు. వెడల్పు తక్కువ, బరువంతా పైనే. పిడి లాగగానే బల్ల ముందుకు ఒరిగింది. మళ్లీ బిగించారు.

గేలెన్ వెళ్లాక హార్లన్ ఒక్క పూటకే కదా అని ఫ్రీజరు కరెంటు తీగ పీకేశాడు. ముల్లు నిద్రపోయినట్టు నిలబడింది. ఈల వేసుకుంటూ సాయంత్రం దాకా మందు తూచి, అదే ఈలతో ఇంట్లోకి వెళ్లిపోయాడు. తీగ నేల మీదే ఉండిపోయింది.

రెండు రోజుల తర్వాత డోరీన్ మాంసం కోసం గరాజులోకి వెళ్లింది. అరవలేదు. మెల్లగా పిలిచింది. అందుకే హార్లన్‌కి భయమేసింది.

"ఈ ఎల్క్‌ని నువ్వు రెండోసారి చంపావు, హార్లన్."

ముక్కల లోపల ఇంకా మంచుంది గానీ, అంచులు మెత్తబడ్డాయి. మళ్లీ గడ్డ కట్టించడానికి డోరీన్ ఒప్పుకోలేదు. సీసాల్లో కూరి, మూత బిగించి ఉడికిస్తే బయటే ఏడాది నిలవుంటుంది, సీసాలకెక్కించాల్సిందే అంది. వంటింటి బల్ల మీద హార్లన్ కోశాడు, గేలెన్ సీసాల్లో కూరాడు, డోరీన్ పెద్ద ప్రెషర్ కుక్కరు ముందు నిలబడింది.

"గట్టిగా నడవకు అక్కా, బావ కోస్తున్నాడు," అన్నాడు గేలెన్.

"నువ్వు నోరు మూసుకుని కూరు," అన్నాడు హార్లన్.

వంటింటి అరలు నిండిపోయాయి. మిగిలిన సీసాలన్నీ హార్లన్ బల్ల కింది అరకెక్కాయి.

"ఇప్పుడు ఆ బోల్టులు విప్పు," అంది డోరీన్. "ఇంకోసారి ఆ తీగ ముట్టుకున్నావో, సీసాలోకి నిన్నెక్కిస్తాను."

విప్పి, బల్లను గోడకు దూరంగా జరపడానికి ముగ్గురూ కావలసి వచ్చారు. హార్లన్ పిడి లాగాడు. కింది సీసాల బరువుకి బల్ల ఒరగలేదు. ఫ్రీజరు గుర్రుమంటూనే ఉంది. ముల్లు మాత్రం నిలబడింది. ప్రెస్సులో గొట్టమేమీ లేకపోయినా అతను ఇంకో రెండుసార్లు లాగాడు.

అప్పటి నుంచి హార్లన్‌కి కొత్త దిగులు పట్టుకుంది. డోరీన్ సీసా కోసం గరాజు వైపు వెళ్తుంటే వెనకే వస్తాడు.

"ఈ పూట చిక్కుళ్లు వండకూడదూ?"

"ఎల్క్ వద్దంటున్నావా? నువ్వు?"

"బల్ల తేలికైపోతోంది."

డోరీన్ రెండు సీసాలు తీసి చంకన పెట్టుకుంది.

"తూటాలు చేసుకున్నావుగా," అంది. "వెళ్లి ఇంకోదాన్ని కొట్టుకురా."