చేతులు చూపించమనే చాడీలమ్మ

ఎదురుగా అందరూ ఆమెను మేడం అనేవారు. ఫోను పెట్టేశాక మాత్రం చాడీలమ్మ అనేవారు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆమె ఆస్పత్రిలో ఫార్మసిస్టు. క్యాన్సర్ మాత్రలు ఇంటికి తీసుకెళ్లి వేసుకునేవాళ్లకు వారం వారం వీడియో కాల్ చేసి, ఆ మాత్రలు ఒంట్లో ఏం చేస్తున్నాయో కనుక్కోవడం ఆమె పని. ఏ చిన్న తేడా కనిపించినా నిమిషాల్లో డాక్టరు చెవిన పడేది. డాక్టరు మోతాదు తగ్గించడమో, కొన్నాళ్లు ఆపడమో చేసేవాడు. రోగులకు అదే గిట్టదు. ఈవిడకు చెబితే డాక్టరుకు చెప్పినట్టేనని, వాంతులైనా నోటిపూతైనా గుట్టుగా దాచుకునేవారు. ఎవరిని కదిపినా ఒకటే మాట, బాగానే ఉన్నాం.

ఈ ఉద్యోగం ఆమె అత్తగారికి మొదటి నుంచీ నచ్చలేదు. "ఇదివరకు మందుల కౌంటర్లో కూర్చుంటే నలుగురూ చూసేవాళ్లు. ఇప్పుడు గదిలో తలుపేసుకుని ఫోన్లో కబుర్లు. దానికి జీతం కూడానా?" అనేది. ఆ గది అంతకు ముందు స్టోర్‌రూమ్. బల్ల, కుర్చీ, తెర, గోడవారగా ఎవరూ తీసుకుపోని రెండు ఖాళీ అట్టపెట్టెలు, అంతే సరంజామా.

నిజానికి ఈ పనికి కావలసిన విద్య ఆమెకు ఆ కౌంటర్లోనే అబ్బింది. కౌంటరు అద్దం నిండా మందుల కంపెనీల స్టిక్కర్లు అంటించి ఉండేవి. మనిషి కనిపించేవాడు కాదు, కింద ఉన్న చిన్న కంతలోంచి చీటీ పట్టుకున్న చెయ్యి మాత్రం కనిపించేది. అన్నేళ్లూ ఆమె చూసినవి చేతులే. వణికే చెయ్యి, ఉబ్బిన చెయ్యి, గోళ్లు నల్లబడ్డ చెయ్యి. మొహం నవ్వు పులుముకోగలదు కానీ చేతికి ఆ నటన రాదు. అందుకే వీడియో కాల్లో పలకరింపు కాగానే "ఏవీ, చేతులు చూపించండి" అనేది. జాతకం చెబుతారా మేడం అని ఎగతాళి చేసినవాళ్లు కూడా చూపించేవాళ్లు. ఒక్క టైలర్ మాస్టారు తప్ప.

మాస్టారికి పేగు క్యాన్సర్. ఆపరేషన్ అయ్యింది. జబ్బు మళ్లీ తల ఎత్తకుండా మాత్రలు రాశారు. ఆయనకు ఫోను పట్టుకోవడం చేతకాదు. ప్రతి వారం తెర మీద ఆయన గడ్డమూ, పైన తిరిగే ఫ్యానూ ఊగుతూ కనిపించేవి. మాట కంటే ముందు చూపుడువేలు ఆడించే మనిషి. ఆ వేలు తెరకు అడ్డం పడి సగం మాటలు వేలితోనే అయిపోయేవి.

బడులు తెరిచే రోజులు. మాస్టారి కొట్టు నిండా పిల్లల యూనిఫాంలు. ఆ వారం ఆమె కాల్ చేస్తే తెర మీద బొమ్మ ఫోటో స్టూడియోలో తీసినట్టు నిలకడగా ఉంది. మాస్టారు పౌడరు రాసుకుని, మీసం దువ్వుకుని, నిటారుగా కూర్చున్నారు. ఫ్యాను లేదు, వేలు లేదు.

"మాస్టారూ, ఇవాళ ఫోను మీ చేతిలో లేదే?"

"మిషను మీద ఆనించానమ్మా. పని ఒత్తిడి."

"ఒకసారి చేతులు చూపించండి."

"చేతులకేం తల్లీ, భేషుగ్గా ఉన్నాయి. చాక్‌పీసు అంటుకుంది, అంతే."

"అంటుకుంటే ఏం, నేనేమన్నా షేక్‌హ్యాండ్ అడిగానా?"

మాస్టారికి కోపం వచ్చింది. "ఇన్నేళ్లుగా సూది పట్టినవాణ్ణి, నా చేతుల సంగతి నాకు తెలీదా?" అంటూ అలవాటు చొప్పున వేలు ఎత్తి ఆడించారు. అంతే, బండారం బయటపడింది. చెయ్యి కాలినట్టు ఎర్రగా కందిపోయి ఉంది. వేలికొసల దగ్గర చర్మం పొరలుగా లేచిపోయింది. బొటనవేలికి గుడ్డపేలిక చుట్టి ఉంది.

వెనక నుంచి మాస్టారి భార్య ఇక ఆగలేకపోయింది. "కాళ్లు కూడా అంతే అమ్మాయ్. మడమల మీద నడుస్తున్నారు. నీకు చెబితే నా మీద ఒట్టే అన్నారు."

మాస్టారు తలదించుకున్నారు. "చాడీ చెప్పకు తల్లీ," అన్నారు మెల్లగా. "ఆస్పత్రిలో నా పక్క మంచం ఆయనకు మాత్రలు ఆపేశారు. నెల తిరక్కుండా పోయాడు. నాకూ ఆపేస్తే ఇక నేను లేనట్టే."

ఆమెకు జాలీ వేసింది, భయమూ వేసింది. గట్టిగా చెబితే ఈయన రేపటి నుంచి ఫోనే ఎత్తడు. ఊరుకుంటే ఆ పుండ్లు చీము పట్టి, అప్పుడు నిజంగానే మాత్రలు పూర్తిగా ఆపాల్సి వస్తుంది.

"చెబుతానండీ, నా ఉద్యోగమే అది. పక్క మంచం ఆయన జబ్బు వేరు, మీది వేరు. ఒకటి అడుగుతాను. మీరు కుట్టిన చొక్కా బిగుతై చంక దగ్గర ఒరుసుకుంటే ఏం చేస్తారు, గుడ్డ పారేస్తారా?"

"ఎందుకు పారేస్తాను? కుట్టు విప్పి వదులు చేసి మళ్లీ కుడతాను."

"డాక్టరుగారు చేసేదీ అదే. మాత్ర మీ ఒంటికి బిగుతైంది. కొన్నాళ్లు విప్పుతారు, చర్మం కుదుటపడ్డాక మీ కొలతకు తగ్గించి మళ్లీ ఇస్తారు. ఈలోపు వేడి ఇస్త్రీపెట్టె మీరు ముట్టుకోవద్దు. అది అమ్మగారి పని."

మాస్టారు బొటనవేలికున్న పేలిక సర్దుకున్నారు. ఆఖరికి "కుట్టు విప్పడం నాకు కొత్తా ఏంటి, సరే" అన్నారు. ఆమె అప్పటికప్పుడు డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన మాత్ర ఆపి, పూతమందు రాసి, చెయ్యి మానాక తక్కువ మోతాదుతో మొదలుపెడదామన్నాడు.

ఆ సాయంత్రం పేరు, ఊరు చెప్పకుండా ఈ సంగతి అత్తగారికి చెప్పింది. ఆనాటి నుంచి కోడలు గుమ్మంలో చెప్పులు విప్పకముందే "ఆ దర్జీ ఆయన చేతులెలా ఉన్నాయే?" అని అడిగేది. ఒకరోజు పిట్టగోడ మీదుగా పక్కింటావిడతో అంటూంటే కోడలి చెవిన పడింది. "మా కోడలు చాడీలు చెబుతుంది. ఊరికే కాదు, జీతమిచ్చి మరీ చెప్పించుకుంటారు." ఆ గొంతులోని గర్వానికి కోడలు లోపల పెదవి కొరుక్కుని నవ్వుకుంది.

మాస్టారి చేతులు మానాయి. మాత్ర మళ్లీ మొదలైంది. యూనిఫాంలు కాస్త ఆలస్యమైనా అన్నీ కుట్టారు.

తర్వాత ఒక ఉదయం ఆయనే కాల్ చేశారు. ఆమె తెర వైపు చూస్తే మొహం లేదు. గడ్డం లేదు, ఫ్యాను లేదు. నిండుగా రెండు అరచేతులు ఉన్నాయి.

"ఎడమ చెయ్యి చూడు తల్లీ, బొటనవేలి పక్కన. నిన్నటి నుంచి ఎర్రబడింది. ఆవిడ ఇంట్లో లేదని ఇస్త్రీ నేనే చేశాను. ఇది నా మీద నేను చెప్పుకుంటున్న చాడీ. వెళ్లి డాక్టరుకు చెప్పు."

ఆమె డాక్టరు నంబరు తీసింది. "చెబుతాను మాస్టారూ," అంది.

"ఆగు, ఇంకోటి. మా వీధి చివర సైకిల్ షాపాయనదీ ఈ మాత్రే. నిన్న నీతో బాగానే ఉన్నానన్నాడట. నమ్మకు." అరచేతుల మధ్య నుంచి ఆ చూపుడువేలు లేచి ఆడింది. "కాళ్లు చూపించమను."