ఆ గెలుపు కింద నా సంతకం

యుద్ధం గెలిచి నగరంలోకి వచ్చిన రోమన్ సేనాపతి ఖజానా అధికారుల ముందు ప్రమాణం చేయాలని ఒకప్పుడు చట్టం ఉండేదట. చంపిన శత్రువులు ఎందరో, పోగొట్టుకున్న తన మనుషులు ఎందరో తాను రాసి పంపిన లెక్క నిజమేనని ఒట్టు వేయాలి. అబద్ధమైతే శిక్ష. టొరంటో దగ్గర కాలేజీలో, టైమ్‌టేబుల్‌కు కుదిరిందని మాత్రమే తీసుకున్న ప్రాచీన చరిత్ర క్లాసులో ఇది చదివాను. రోమన్ల మీద నాకు గౌరవమేమీ కలగలేదు. చట్టమే చేయాల్సి వచ్చిందంటే ఎంతమంది దొంగలెక్కలు రాశారో అనుకున్నాను.

ఆ ఏళ్లలో మాలాంటి విద్యార్థులు విమానాల నిండా దిగుతుండేవారు. టొరంటో పక్కనే ఉన్న వాన్ అనే ఊళ్లో మేం పనిచేసే గోదాముకు మనుషుల కరువే లేదు. సూపర్‌వైజర్ తెలుగాయన, అందరం అంకుల్ అనేవాళ్లం. ఒక్క ప్రమాదం కూడా లేకుండా ఏడాది గడిస్తే ఆయనకు కంపెనీ షీల్డు ఇస్తుంది. ఇంకో వారం ఉందనగా, నా పక్కనే ప్యాకింగ్ చేస్తున్న భీమవరం అమ్మాయి చెయ్యి కన్వేయర్ బెల్టులో ఇరుక్కుంది. చేతులు పడకుండా బెల్టు మీద ఉండే రేకు ఊడిపోయిందని మేమిద్దరం అంకుల్‌కు అంతకుముందే చెప్పాం. ఆయన పట్టించుకోలేదు. ఆమె రెండు వేళ్లు నలిగిపోయాయి.

మర్నాడు అంకుల్ నా ముందు ఒక కాగితం పెట్టాడు. ఆ అమ్మాయి వేళ్లు ఇంటి దగ్గర కారు డోర్‌లో పడ్డాయని, గోదాములో ఏమీ జరగలేదని అందులో ఉంది.

“సైన్ చెయ్యి నాన్నా. మనోళ్లని మనమే చూసుకోవాలి. నువ్వు వారానికి ఎన్ని అవర్స్ చేస్తున్నావో నేనెవరికైనా చెప్పానా?”

స్టడీ పర్మిట్ ఒప్పుకునే గంటలకన్నా ఎక్కువే చేస్తున్నాను. ఆ గంటలు వేసింది ఆయనే. మనోళ్లట! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అయినా సంతకం పెట్టాను.

షీల్డు వచ్చింది. పిజ్జాలు తెప్పించారు. అంకుల్‌ను మధ్యలో నిలబెట్టి ఫోటో దిగాం, నేనూ చప్పట్లు కొట్టాను. ఆ వారమే క్లాసులో రోమన్ల విజయం మీద వ్యాసం ఇవ్వాలి. సొంత మనుషుల నష్టాన్ని దాచిపెట్టిన గెలుపు గెలుపే కాదని పేజీలకు పేజీలు దంచాను. మంచి మార్కులు వచ్చాయి. సిగ్గులేని వెధవని.

కొన్నాళ్లకు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. పనిలో తగిలిన దెబ్బ అని తేలితేనే పోయిన జీతం, చేతికి థెరపీ దొరుకుతాయి. కంపెనీ నా సంతకం చూపించడంతో పరిహారం బోర్డు వాళ్లు ఆమె క్లెయిమ్‌ను తిప్పికొట్టారు.

“అన్నా, బెల్ట్ ఆపింది మీరే కదండీ,” అంది.

“నేనే.”

“నా చెయ్యి బయటికి తీసింది కూడా మీరే కదా.”

“నేనే.”

“మరి ఆ మాటే వాళ్లకి చెప్పండి.”

చెప్తానన్నాను. వర్క్ పర్మిట్ చేతికొచ్చాక చెప్దామనుకున్నాను. అది వచ్చాక, ఇక్కడే స్థిరపడిపోయేందుకు పీఆర్ కూడా రానీ అనుకున్నాను. పీఆర్ వచ్చి మూడేళ్లయింది. ఇంకా చెప్పలేదు.