పోగు తెగని మగ్గం

మా ఇంట్లో మగ్గం ఆగిందంటే వీధి మొత్తానికీ తెలుస్తుంది. మదనపల్లెలో మా వీధి వీధంతా పట్టుచీరలు నేసేవాళ్లే. సగం ఇళ్లలో మరమగ్గాలొచ్చేశాయి గాని మాది ఇంకా చేతి మగ్గమే. మాకు పట్టు ఇచ్చి నేయించుకునే షావుకారు రెండిళ్లవతల అరుగు మీద పేపరు ముందేసుకుని కూర్చుంటాడు. పేపరు చదువుతాడో లేదో, చెవులు మాత్రం మా ఇంటి మీదే ఉంటాయి. చప్పుడును బట్టి ఏ దెబ్బ ఎవరిదో చెప్పేస్తాడు మహానుభావుడు.

అట్లాంటి మనిషికి తెలియకుండా నేను బస్సు డ్రైవరు కావాలి.

నలభై దాటాక మోకాళ్లు మగ్గం గుంటలోంచి లేవనంటున్నాయి. చీరలకు గిరాకీ ఏడాదికేడాది తగ్గుతోంది. వేరే పని చూసుకోవాలని ఎప్పట్నుంచో ఉంది. కానీ ఎప్పుడు? పొద్దున లేస్తే మగ్గం, పాపను బడిలో దించి వస్తే మగ్గం, దీపాలు పెట్టేదాకా మగ్గం. పోనీ ఎట్లాగో తీరిక చేసుకుందామా అంటే, సంగతి షావుకారుకు తెలిస్తే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు, అదే పడుగు, ఇంకోటి ఇవ్వడు. ఆయన్నీ అనలేం. పడుగు సగంలో వదిలేసి బెంగుళూరు బస్సెక్కినవాళ్లను చాలామందిని చూశాడు. పడుగు రాకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

నా భార్యకు నేయడం వచ్చు, పుట్టింట్లో నేసింది. కానీ ఆమె దెబ్బ వేరు, షావుకారు ఇట్టే పట్టేస్తాడు. అందుకని ఒకరోజు ఆమె ఫోన్లో నా మగ్గం చప్పుడు రికార్డు చేశాను. అంత శ్రద్ధగా జన్మలో ఎన్నడూ నేయలేదు. ఒక్క పోగు తెగలేదు, ఒక్క దెబ్బ తప్పలేదు. అది మళ్లీ మళ్లీ మోగేటట్టు స్పీకరుకు కలిపి మగ్గం పక్కన పెట్టాను.

"ఇదేం బతుకప్పా, దొంగల మాదిరి" అంది ఆమె. అంటూనే లేచి కిటికీ కొంచెం తెరిచింది.

డ్రైవింగు పుంగనూరులో నేర్చుకున్నాను. మదనపల్లెలో అయితే ప్రతి మలుపులోనూ తెలిసినవాడే. వారంలో కొన్ని పొద్దులు తువ్వాలు చుట్టుకుని, తల వంచుకుని బస్సెక్కేవాణ్ణి. ఎవరైనా "యాడికప్పా?" అంటే చాలు, చెమటలు పట్టేవి. "పెద్దమ్మకు బాగలేదు" అనేవాణ్ణి. లేని పెద్దమ్మను నెలల తరబడి మంచాన పడేశాను. వెనకబడిన నేతను మధ్యాహ్నం కునుకు మానేసి పూడ్చుకునేవాణ్ణి.

మొత్తానికి పెద్దబండి లైసెన్సు చేతికొచ్చింది. కుప్పంలో ఒక కాలేజీకి డ్రైవరు కావాలని నాకు నేర్పినాయనే చెప్పాడు. వచ్చి నడిపి చూపించమన్నారు.

ఆ రోజు కాలేజీ మేనేజరు పక్కన కూర్చున్నాడు. బస్సు బాగానే రోడ్డెక్కింది. అంతలో జేబులో ఫోను మోగింది. ఆగి మళ్లీ మోగింది. "పక్కకాపి మాట్లాడప్పా, ఇంట్లో ఏమన్నా అర్జంటేమో" అన్నాడాయన.

పక్కకాపి ఎత్తాను. నా భార్యే. వెనక మగ్గం చప్పుడు లేదు.

"సావుకారు వచ్చిండాడు. ఈడే, మగ్గం కాడ నిలబడుకోని ఉండాడు" అని గుసగుసగా చెప్పి పెట్టేసింది.

ఆ తర్వాత క్లచ్చి మీద కాలు నిలిస్తేనా! బస్సు నడిరోడ్డు మీద ఆగిపోయింది. తీస్తే మళ్లీ ఆగింది. వెనక లారీవాడు నోటికొచ్చినట్టు తిట్టాడు. మేనేజరు మంచివాడు. "బెదిరిపోయినావు. సోమవారం మల్లా రాప్పా" అన్నాడు.

కుప్పం నుంచి ఎట్లా వచ్చానో నాకే తెలియదు. పలమనేరులో బస్సు మారాను, పుంగనూరు దాటాను. షావుకారు కాళ్లు పట్టుకోవాలా, ఇంకో అబద్ధం ఆడాలా? ఏం అబద్ధం ఆడను, పెద్దమ్మను చంపేయనా? నా భార్యను ఏమేం అన్నాడో ఏమో. బస్సు దిగి గబగబా ఇంటిదారి పట్టాను.

వీధి మొదట్లోనే మా మగ్గం చప్పుడు వినిపించింది. కాసేపు ఆడింది, ఆగింది, మళ్లీ మొదలైంది. నా దెబ్బ కాదు.

లోపల నా భార్య మగ్గంలో కూర్చుని నేస్తోంది. షావుకారు ఎదురుగా కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఏమప్పా, చిన్నప్పట్నుంచి మగ్గాలు ఇంటాండా. ఎంత మొనగాడికైనా పోగు తెగతాది, దారం అయిపోతే కండె మార్చుకునేదానికి మగ్గం ఆగతాది. నీ మగ్గం కొన్ని పొద్దులు ఆగనే ఆగదే! అదేందో సూద్దామని వచ్చినా. బస్సు సంగతంతా ఈయమ్మ చెప్పింది."

"అన్నా, తప్పైపోయింది" అన్నాను.

"నీకు ఇంక పడుగు ఇయ్యను" అన్నాడు. నా భార్య వైపు చెయ్యి చూపించాడు. "ఈయమ్మకు ఇస్తా. ఇంతసేపు కూర్చోని సూస్తి, చెయ్యి బాగుండాది. నువ్వు మల్లా వచ్చి మగ్గంలో కూర్చుంటానంటే మాత్రం ఒప్పుకోను."

చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. పొయ్యికి ఢోకా లేదు, నిజమే. కానీ ఇన్నాళ్లూ బస్సు కాకపోతే మగ్గం ఉందిలే అనుకునేవాణ్ణి. ఇప్పుడు నాకు మగ్గం పోయింది, బస్సు ఇంకా రాలేదు. పొద్దుటి నుంచి పడ్డ భయమంతా ఒకెత్తు, ఇది ఒకెత్తు.

నా భార్య చెయ్యి ఆపలేదు. "బస్సు సంగతేమాయె?" అంది.

"నీ ఫోను రాగానే కాళ్లాడలే మే. ఆగిపోయింది. సోమవారం మల్లా రమ్మన్యారు."

"పో. ఈసారి ఫోను ఈడ పెట్టి పో."