డెల్మర్ హక్‌స్టెప్ కాపలా కాసిన రికార్డులు

డెల్మర్ హక్‌స్టెప్ మా లార్క్‌హిల్ కౌంటీ క్లర్కు. మిస్సోరీ కొండల్లో ఈ ఉద్యోగానికి మనిషిని ఓట్లేసి ఎన్నుకుంటాం. అంతకుముందు డెల్మర్ పరుపులు అమ్మేవాడు. నిద్రపుచ్చే సరుకును కూడా అమ్మలేక కొట్టు మూసేశాడు. అతని మేనత్త అప్పటి క్లర్కు. ఆవిడ పోయాక బ్యాలెట్ మీద అదే ఇంటిపేరు చూసి మా వాళ్లు అలవాటుగా దాని పక్కనే ఓటు గీత గీశారు. ఆ గీతతో అతను కౌంటీ ఆఫీసులన్నీ ఉండే కోర్టుహౌసు కింది అంతస్తులో కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

కౌంటీని నడిపే కమిషనర్ల తీర్మానాలు, రోడ్ల కాగితాలు, పాత పన్నుల పుస్తకాలు అన్నీ క్లర్కు దగ్గరుంటాయి. అవి జనం సొత్తు. ఎవరైనా వచ్చి అడగొచ్చు, చూడొచ్చు, నకలు తీసుకెళ్లొచ్చు. ఎందుకని అడిగే పని క్లర్కుది కాదు. డెల్మర్‌కు మాత్రం అడగడమే పని. మనిషి లోపలికి రాగానే కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, "దేనికంటా?" అనేవాడు. తన వంటింట్లో దూరిన పిల్లిని అడిగినట్టుండేది. తాతల కాలం నాటి పన్నుల పుస్తకం చూడాలని ఒహాయో నుంచి ఒకావిడ కారు నడుపుకుంటూ వస్తే, నకలు తీసే యంత్రం పాడైందని చెప్పి పంపేశాడు. ఆవిడ వాకిట్లో కారు తిప్పుకుంటుండగానే అదే యంత్రం మీద తన చర్చి వాళ్ల చేపల వేపుడు విందుకు ప్రకటనలు తీసుకున్నాడు. ఆ కాగితాలు మా ఊరి కాఫీ హోటల్ కిటికీకి కూడా అంటించాడు. సిగ్గున్నవాడైతే ఇంకో వారం ఆగేవాడు.

అలాంటి డెల్మర్ దగ్గరికి ఏప్రిల్ నెలలో ఇడెల్లా గ్రాఫ్ వచ్చింది.

ఇడెల్లా స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఈ కౌంటీలో నడివయసు వాళ్లలో సగం మంది ఆవిడ బస్సులో ఏడుస్తూ బడికెళ్లిన వాళ్లే. ఆవిడ భర్త, పుట్టిన వారానికే పోయిన కూతురు కాట్రెల్ లోయలో కొండవాలున ఉన్న చిన్న శ్మశానంలో ఉన్నారు. ఏటా మే నెలలో మా వాళ్లంతా వెళ్లి సమాధుల మీద గడ్డి కోసి, పూలు పెట్టి, అక్కడే చాపలు పరుచుకుని కోడి వేపుడు, కేకులు తిని వస్తారు. ఆ చలికాలంలో రాయిస్ పెనిక్ అనే అతను లోయ మొదట్లో పొలం కొని, రోడ్డుకు అడ్డంగా ఇనుప గేటు పెట్టి తాళం వేశాడు. అది తన సొంత దారి అన్నాడు. ఇడెల్లా కౌంటీ పోలీసులకు పెద్దయిన షెరీఫ్ దగ్గరికెళ్తే ఆయన టోపీ సవరించుకుని, "అది కౌంటీ రోడ్డని కాగితం పట్టుకురా అమ్మా, నేనే వెళ్లి తాళం కోస్తా" అన్నాడు. కాగితం ఉండాల్సింది డెల్మర్ దగ్గర.

"ఏం కావాలి ఇడెల్లా గారూ?" అన్నాడు డెల్మర్, కుర్చీలోంచి కదలకుండా.

"కాట్రెల్ లోయ రోడ్డు. కౌంటీ దాన్ని తీసుకున్నప్పటి తీర్మానం చూడాలి."

"దేనికంటా?"

"చూడ్డానికి."

"ఊరికే వచ్చి చూసిపోవడానికి ఇదేమన్నా జంతువుల పార్కా?"

"జంతువైతే ఎదురుగానే కనబడుతోంది. నాక్కావలసింది కాగితంరా."

పక్క బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకుంది. డెల్మర్ చెవులు ఎర్రబడ్డాయి. రాసి ఇవ్వాలన్నాడు. ఇడెల్లా అక్కడే నిలబడి రాసిచ్చింది. మర్నాడు వస్తే, తేదీ వెయ్యలేదన్నాడు. తేదీ వేసిచ్చింది. ఆ తర్వాత వస్తే, ఆ కాగితం కనబడటం లేదన్నాడు.

"నేను రాసిచ్చిన కాగితమే నీకు దొరకలేదు. ఇంక మా నాన్న కాలం నాటిది ఏం వెతుకుతావురా?" అంది ఆవిడ. "నేనే వెతుక్కుంటా. ఎక్కడుందో చూపించు."

"పాతవన్నీ కింద నేలమాళిగలో ఉన్నాయి. బయటివాళ్లను పంపకూడదు. రూలు."

"ఏ రూలు?"

"రూలంటే రూలే."

"బస్సులో వెనక సీటు చింపి, చిరిగే ఉందని చెప్పినప్పుడు కూడా నీ మొహం ఇలాగే ఉంది" అని ఇడెల్లా బయటికి నడిచింది.

కాఫీ హోటల్లో ఈ సంగతి తెలిసి అందరూ ఆవేశపడ్డారు. రాయిస్, డెల్మర్ కలిసి చేపలు పడతారు, ఇద్దరూ కుమ్మక్కయ్యారన్నారు. ఇది ప్రజాస్వామ్యమా అన్నారు. ఆ తర్వాత ఇంకో కప్పు కాఫీ పోయించుకున్నారు. ఒక్కడూ వీధి దాటి కోర్టుహౌసుకు వెళ్లలేదు. మా ఊరి ధైర్యం ఎప్పుడూ బల్ల దగ్గరే కూర్చుంటుంది.

ఇడెల్లా ఎవరి కోసమూ ఆగలేదు. పై అంతస్తులోని కోర్టుకెళ్లి, వకీలు లేకుండా తనే డెల్మర్ మీద కేసు వేసింది. జడ్జి ఒటీలియా బ్రాంట్ వేరే కౌంటీ నుంచి వస్తుంది. ఇక్కడ ఎవరి మేనత్త ఎవరో ఆవిడకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. విచారణకు డెల్మర్ కొత్త టై కట్టుకుని వచ్చాడు.

"రికార్డు ఉందా, లేదా?" అంది జడ్జి.

"ఉందండీ. అంటే, ఉండాలి."

"ఎక్కడ?"

"కింద."

"మీరు చూశారా?"

"చూడ్డం అంటే... మెట్లు బాగా నిటారుగా ఉంటాయండీ."

"నాకూ కాళ్లున్నాయి. పదండి" అని జడ్జి లేచింది.

తాళంచెవి వెంటనే దొరకలేదు. దొరికాక తలుపు తెరుచుకోలేదు. తెరుచుకున్నాక లోపలి నుంచి తడిసిన కుక్క వాసన కొట్టింది. గోడ పక్కన ఎత్తయిన ఇనుప అరల మీద డెల్మర్ పడవ మోటారు, గాలాలు, కౌంటీ వారి ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్లు, బుగ్గలు వెలిసిపోయిన ఒక శాంటా బొమ్మ పొడిగా, భద్రంగా ఉన్నాయి. రికార్డు పుస్తకాలు నేల మీద ఉన్నాయి. వాటి పైన ఉన్న నీటి పైపు చుక్క చుక్కగా కారుతోంది. జడ్జి ఒక పుస్తకం పట్టుకుని లేపితే అట్ట ఒక్కటే చేతికొచ్చింది. కాగితాలు నానిన రొట్టెలా ముద్దయి కిందే ఉండిపోయాయి. రోడ్ల తీర్మానాల వరస మొత్తం అంతే.

"పైపు సంగతి కమిషనర్లకు చెబుదామనే ఉన్నానండీ" అన్నాడు డెల్మర్.

"ఎప్పటినుంచి?"

"మా అత్త ఉన్నప్పటినుంచి."

ఇన్నాళ్లూ అందరం అతను ఏదో దాస్తున్నాడనుకున్నాం. కుట్ర చెయ్యాలన్నా కాస్త బుర్ర, కాస్త శ్రమ కావాలి. అతని దగ్గర ఆ రెండూ లేవు. కిందికి దిగడానికి బద్ధకించాడు. దిగనివాడు ఎవరినీ దిగనివ్వలేదు, అంతే.

ఇడెల్లా ఆ మెట్ల మీదే కూలబడింది. "దాచిపెట్టావనుకున్నాన్రా డెల్మర్" అంది. "దాచిపెట్టినా బావుండేది."

అతను టై సవరించుకున్నాడు.

ఆవిడ ఆ రాత్రి ఏడ్చిందో లేదో మాకు తెలియదు. మర్నాడు మాత్రం లైబ్రరీ తలుపు తీసేసరికి మెట్ల మీద ఉంది. తన చిన్నప్పుడు వాళ్ల నాన్న భోజనం అయ్యాక ఊరి పత్రిక తెరిచి, కమిషనర్ల సమావేశం విశేషాలు ఇంటిల్లిపాదికీ గట్టిగా చదివి వినిపించేవాడట. అందరికీ విసుగొచ్చినా ఆపేవాడు కాదట. కౌంటీ తీర్మానాలను అప్పట్లో క్లర్కు సంతకంతో సహా పత్రికలో వేసేవారు. ఇడెల్లా పాత పత్రికల కట్టలు ముందేసుకుని, భూతద్దంతో ఒక్కొక్క పేజీ చూసింది. పందుల ధరలు, పెళ్లిళ్లు, మందుల ప్రకటనలు దాటుకుంటూ రోజుల తరబడి వెతికింది. కళ్లలోంచి నీళ్లు కారేవి. చివరికి దొరికింది. కాట్రెల్ లోయ రోడ్డును శ్మశానం దాకా కౌంటీ రోడ్డుగా తీసుకుంటున్నామని, ఏటా కంకర పోయిస్తామని, ముగ్గురు కమిషనర్ల పేర్లతో అచ్చయి ఉంది. కంకర కోసం వాదించిన రైతుల్లో వాళ్ల నాన్న పేరు కూడా ఉంది. ఆ పేరు మీద వేలు పెట్టి ఆవిడ చాలాసేపు కూర్చుందట.

జడ్జి అది చదివి, గేటు తీయమని ఉత్తర్వు రాసింది. షెరీఫ్ మాట నిలబెట్టుకున్నాడు, తాళం కోశాడు. రాయిస్ పెనిక్ తన ట్రక్కులో కూర్చుని, కిటికీ కూడా దించకుండా చూశాడు. ఆ మే నెలలో లోయలోకి కార్లు వరసగా వెళ్లాయి. కాఫీ హోటల్లో ఆవేశపడిన వాళ్లందరూ వచ్చి, తామే గేటు పీకినట్టు మాట్లాడారు. ఇడెల్లా వాళ్లకు కోడి వేపుడు వడ్డించింది గానీ, ఎవరి మాటకూ ఊఁ కొట్టలేదు. కూతురి సమాధి దగ్గర పెరిగిన పిచ్చి మొక్కలను చేతులతోనే పీకింది.

తడిసిన పుస్తకాలను ఆరబెట్టడానికి రాష్ట్ర రాజధాని నుంచి మనుషులు వచ్చి తీసుకెళ్లారు. ఆ ట్రక్కు పక్కన నిలబడి డెల్మర్ ఫోటో దిగాడు. "కౌంటీ చరిత్రను కాపాడుకుంటున్నాం" అని అతను చెప్పినట్టు పత్రికలో పడింది. నవంబరులో ఎన్నికలు వచ్చాయి. నిలబడమని కొందరు ఇడెల్లాను అడిగారు. "పిల్లలను తోలాను, చాల్లే. మిమ్మల్ని తోలడం నా వల్ల కాదు" అంది. ఇంకెవరూ నిలబడలేదు. డెల్మర్ ఒక్కడి పేరే బ్యాలెట్ మీద ఉంది. మా వాళ్లు బారులు తీరి వెళ్లి, గీత గీసి, చొక్కాలకు 'నేను ఓటేశాను' అనే బిళ్లలు అంటించుకుని, గర్వంగా భోజనాలకు వెళ్లారు.